కొత్త లాప్‌టాప్‌లో విండోస్‌ను మొదటి నుంచి మనమే వేసుకోవడం ఎలా

ఒడిశాలోని పర్లాకిమిడి, గుణుపురం, రాయగడ, జయపురం వైపు మన తెలుగు కుటుంబాలు ప్లస్‌టూ పూర్తయిన పిల్లల కోసం లాప్‌టాప్‌ను బరంపురంలోనో, శ్రీకాకుళంలోనో, విశాఖలోనో కొంటాయి, లేదంటే ఆన్‌లైన్‌లో తెప్పించుకుంటాయి. వారం తిరక్కుండానే ఆ లాప్‌టాప్ బజారులో ఏదో ఒక దుకాణానికి చేరుతుంది. కొత్తదైనా నెమ్మదిగా ఉందనీ, అక్కర్లేని యాప్‌లు నిండి ఉన్నాయనీ, ఒకసారి ఫార్మాట్ కొట్టి మంచి విండోస్ వేయమనీ చెప్పి ఇచ్చేస్తారు. సాయంత్రానికి లాప్‌టాప్ తిరిగి వస్తుంది, చూడడానికి శుభ్రంగానే ఉంటుంది. అయితే మీరు డబ్బు పెట్టి కొన్న అసలు లైసెన్సు స్థానంలో దొంగ విండోస్ వచ్చి కూర్చుందేమో చూసే అలవాటు మనలో చాలామందికి లేదు.

ఈ వ్యాసం రాయడానికి కారణం అదే. విండోస్‌తో పాటు అమ్మిన లాప్‌టాప్‌లో లైసెన్సు కీ మదర్‌బోర్డు మీది చిప్‌లోనే భద్రపరచి ఉంటుంది. డిస్కు మొత్తం తుడిచేసినా అది పోదు. మైక్రోసాఫ్ట్ ఉచితంగా ఇచ్చే ఇన్‌స్టలేషన్ ఫైళ్లతో విండోస్‌ను మళ్లీ వేస్తే, ఆ కీని అదే చదువుకుని, ఇంటర్నెట్ తగలగానే తనంతట తాను యాక్టివేట్ అవుతుంది. కాబట్టి మీకు కావలసినవి ఒక పెన్‌డ్రైవ్, ఒక సాయంత్రం, కొంచెం ఓపిక మాత్రమే.

మా చెల్లెలి కొడుకు గుణుపురంలో ఇంజినీరింగ్ చదువుతున్నాడు. కొన్న ఏడాదికి తన లాప్‌టాప్ తెచ్చి, "మావయ్యా, తెర కింద కుడి మూలన ఏదో రాత వస్తోంది, పోవడం లేదు" అని చూపించాడు. విండోస్‌ను యాక్టివేట్ చేయమని చెప్పే లేత రంగు అక్షరాలవి. కొన్న కొత్తలో ఒక దుకాణంలో ఇచ్చినప్పుడు, హోమ్ అనే ఎడిషన్ (విండోస్ రకం) లైసెన్సు ఉన్న ఆ యంత్రంలో ప్రో అనే వేరే ఎడిషన్ వేసి, యాక్టివేటర్ అనే దొంగ ప్రోగ్రాముతో నడిపించారు. అంతకంటె నన్ను భయపెట్టిన విషయం వేరే ఉంది. విండోస్ సెక్యూరిటీలో వైరస్ తనిఖీ నుంచి మినహాయింపు ఇచ్చిన వాటి జాబితా తెరిచి చూస్తే, అందులో సీ డ్రైవ్ మొత్తం ఉంది. అంటే ఏడాది పాటు ఆ పిల్లవాడు బ్యాంకు పనులు, పరీక్ష ఫీజులు అన్నీ కాపలా లేని ఇంట్లో కూర్చుని చేసుకున్నాడన్నమాట. ఆ రాత్రే కింద చెప్పిన పద్ధతిలో మళ్లీ వేశాం. కీ అడగలేదు, ఎడిషన్ అడగలేదు, హోమ్ తనే ఎంచుకుని యాక్టివేట్ అయింది.

తుడిచే ముందు

పెట్టె తెరిచిన రోజునే తుడవకండి. ముందు లాప్‌టాప్‌ను తయారీదారు ఇచ్చిన విండోస్‌తోనే రెండు మూడు రోజులు వాడి, కీబోర్డులో ప్రతి మీట, కెమెరా, స్పీకర్లు, వైఫై, చార్జింగు, తెర మీద చుక్కలు అన్నీ పరీక్షించండి. తిరిగి ఇచ్చే గడువు ఆన్‌లైన్ కొనుగోళ్లలో చాలా తక్కువగా ఉంటుంది. లోపం ఉన్న యంత్రాన్ని వెనక్కి పంపేటప్పుడు అది వచ్చిన స్థితిలోనే ఉంటే వాదన తక్కువ.

ఆ తరువాత సెట్టింగ్స్‌లో సిస్టమ్, అందులో యాక్టివేషన్ తెరిచి, విండోస్ యాక్టివ్‌గా ఉందో లేదో, ఏ ఎడిషనో కాగితం మీద రాసుకోండి. మన దేశంలో అమ్మే చాలా లాప్‌టాప్‌లలో అది హోమ్ సింగిల్ లాంగ్వేజ్ అయి ఉంటుంది. తక్కువ ధరకు వచ్చిందని, విండోస్ లేకుండా అమ్మే డాస్ లాప్‌టాప్ కొన్నవారు మాత్రం ఇక్కడ ఆగాలి. బిల్లు మీద డాస్ అనో, ఫ్రీడాస్ అనో ఉంటే ఆ యంత్రంలో విండోస్ లైసెన్సు లేనట్టే. అప్పుడు లైసెన్సు కొనుక్కోవాలి, లేదా ఉబుంటు, లినక్స్ మింట్ లాంటి ఉచిత వ్యవస్థ వేసుకోవాలి. ఉబుంటు 24.04కు 2029 వరకు మామూలు అప్‌డేట్లు వస్తాయి. చదువుకూ, ఇంటర్నెట్‌కూ, ప్రోగ్రామింగ్‌కూ అది నిక్షేపంగా సరిపోతుంది. దొంగ విండోస్ కంటె అది ఎన్నో రెట్లు మేలని నా నమ్మకం.

ఆఫీస్ కూడా ఇస్తున్నామని చెప్పి అమ్మిన లాప్‌టాప్ అయితే, తుడవడానికి ముందే వర్డ్ తెరిచి, మీ మైక్రోసాఫ్ట్ ఖాతాతో సైన్‌ఇన్ అయి, ఆ ఆఫీస్‌ను యాక్టివేట్ చేయండి. అప్పుడు అది మీ ఖాతాకు ముడిపడుతుంది, విండోస్ మళ్లీ వేశాక అదే ఖాతాతో దింపుకోవచ్చు. ఈ ఒక్క పని మరిచిపోయి ఆఫీస్ ఎటు పోయిందో తెలియక బాధపడినవారిని నేను చాలామందిని చూశాను. ఆ ఖాతా దుకాణదారుది కాకూడదు, స్నేహితుడిది కాకూడదు. విద్యార్థి పేరు మీద, విద్యార్థి ఫోన్ నంబరుతో ఉండాలి.

వీలైతే 32 జీబీ పెన్‌డ్రైవ్ ఒకటి విడిగా పెట్టుకుని, విండోస్‌లోనే ఉండే రికవరీ డ్రైవ్ అనే సాధనంతో ఇప్పుడున్న వ్యవస్థకు ఒక ప్రతి తయారు చేసుకోండి. ఎప్పుడైనా తయారీదారు ఇచ్చిన స్థితికి వెళ్లవలసి వస్తే అది ఆదుకుంటుంది.

కొత్త యంత్రంలో విండోస్ 10 వేస్తే తేలికగా ఉంటుందని చెప్పేవారి మాట వినకండి. దానికి ఉచిత భద్రతా అప్‌డేట్లతో కూడిన మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11కు కావలసిన 4 జీబీ ర్యామ్, 64 జీబీ స్థలం, టీపీఎం 2.0 అనే భద్రతా ఏర్పాటు, ఆన్ చేసేటప్పుడు దొంగ ప్రోగ్రాములు మొదలవకుండా చూసే సెక్యూర్ బూట్ ఇప్పుడు కొన్న ఏ లాప్‌టాప్‌లోనైనా ఉంటాయి.

పెన్‌డ్రైవ్ సిద్ధం చేయడం

కనీసం 8 జీబీ పెన్‌డ్రైవ్ కావాలి, 16 జీబీది అయితే డ్రైవర్లకు (వైఫై, ఆడియో లాంటి భాగాలను విండోస్‌తో పనిచేయించే ప్రోగ్రాములకు) కూడా చోటు ఉంటుంది. అందులో ఉన్నదంతా పోతుంది కనుక పెళ్లి ఫొటోలు ఉన్న పెన్‌డ్రైవ్ తీసుకోకండి. మైక్రోసాఫ్ట్ వారి సొంత సైటులో విండోస్ 11 డౌన్‌లోడ్ పేజీకి వెళ్లి, మీడియా క్రియేషన్ టూల్ అనే చిన్న ప్రోగ్రాము దింపుకుని నడపండి. భాష ఇంగ్లిష్ ఎంచుకుని, యూఎస్‌బీ ఫ్లాష్ డ్రైవ్ అన్న చోట మీ పెన్‌డ్రైవ్‌ను చూపిస్తే మిగతాదంతా అదే చేసుకుంటుంది. విండోస్ ఫైళ్లను మరే సైటు నుంచీ, ఏ టెలిగ్రామ్ చానల్ నుంచీ దింపకండి. లైట్ అనీ గేమింగ్ ఎడిషన్ అనీ పేర్లు పెట్టి పంచేవాటిలో ఎవరు ఏం కలిపారో మనకు తెలిసే దారి లేదు.

డౌన్‌లోడ్ 5 జీబీ పైనే ఉంటుంది. రోజుకు 1.5 జీబీ, 2 జీబీ ఇచ్చే ఫోన్ ప్లానుతో ఇది ఒక రోజులో అయ్యే పని కాదు. మధ్యలో డేటా అయిపోతే టూల్ మొదటికి వస్తుంది. ఫైబర్ కనెక్షన్ ఉన్న బంధువుల ఇంట్లోనో, కాలేజీ లాబ్‌లోనో ఈ భాగం ముగించుకోవడం మంచిది. టూల్ మీ లాప్‌టాప్‌లోనే నడవాలన్న నియమం లేదు, విండోస్ ఉన్న ఏ కంప్యూటర్‌లోనైనా పెన్‌డ్రైవ్ తయారు చేయవచ్చు. టూల్ బదులు ఐఎస్‌ఓ ఫైలు, అంటే ఇన్‌స్టలేషన్ మొత్తం ఒకే ఫైలుగా ఉండేది, దింపుకుంటామనేవారు ఆ డౌన్‌లోడ్ లింకు 24 గంటలే పనిచేస్తుందని గుర్తుంచుకోవాలి.

ఐఎస్‌ఓ దింపినవారు అందులోని ఫైళ్లను పెన్‌డ్రైవ్‌లోకి నేరుగా కాపీ చేసి, పని కాలేదని నా దగ్గరికి వస్తుంటారు. సాధారణంగా పెన్‌డ్రైవ్ ఫ్యాట్32 పద్ధతిలో ఉంటుంది, ఆ పద్ధతిలో ఒక్కో ఫైలు 4 జీబీకి మించకూడదు. విండోస్‌లోని అసలు ఇన్‌స్టాల్ ఫైలు దానికంటె పెద్దది కనుక కాపీ మధ్యలోనే ఆగిపోతుంది. మీడియా క్రియేషన్ టూల్ ఆ ఫైలును చిన్నదిగా కుదించి పెడుతుంది. ఐఎస్‌ఓతోనే చేయాలనుకుంటే రూఫస్ అనే ఉచిత ప్రోగ్రాము ఈ ఇబ్బందిని దాటిస్తుంది.

డ్రైవర్లు ముందే దగ్గర పెట్టుకోవడం

ఈ భాగాన్ని దాటేసినవాళ్లే సగం దారిలో ఆగిపోతారు. విండోస్ కొత్తగా వేశాక మీ లాప్‌టాప్ వైఫై చిప్‌ను అది గుర్తుపట్టకపోవచ్చు. వైఫై లేకపోతే ఇంటర్నెట్ ఉండదు, ఇంటర్నెట్ లేకపోతే వైఫై డ్రైవర్ దింపలేరు. అందుకని తుడిచే ముందే లాప్‌టాప్ అడుగున స్టిక్కరు మీద ఉన్న సీరియల్ నంబరు చూసి, తయారీదారు సపోర్ట్ సైటులో ఆ నంబరు ఇచ్చి, మీ మోడల్‌కు సరిపడే డ్రైవర్లు దింపి పెట్టుకోండి. వైఫై, చిప్‌సెట్, టచ్‌ప్యాడ్, గ్రాఫిక్స్, ఆడియో, ఈ ఐదూ ముఖ్యం.

ఇంటెల్ 11వ తరం, ఆ తరువాతి ప్రాసెసర్లు ఉన్న లాప్‌టాప్‌లకు మరొకటి కావాలి. దాన్ని ఇంటెల్ రాపిడ్ స్టోరేజ్ టెక్నాలజీ డ్రైవర్ అంటారు, తయారీదారు సైటులో స్టోరేజ్ విభాగంలో దొరుకుతుంది. ఈ యంత్రాల్లో చాలావాటిలో వీఎండీ అనే ఏర్పాటు ఆన్‌లో ఉండడం వల్ల, ఆ డ్రైవర్ లేకుండా ఇన్‌స్టలేషన్ తెరకు డిస్కు కనబడదు. దింపిన ఫైలు సెటప్ రూపంలో ఉంటే, దాన్ని విప్పి, ఐఎన్‌ఎఫ్ అనే చివరి పేరు ఉన్న ఫైళ్లు కనిపించే ఫోల్డరును ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌లోనే ఒక పక్కన పెట్టుకోండి. విప్పకుండా పెట్టిన సెటప్ ఫైలు ఆ సమయంలో ఎందుకూ పనికిరాదు.

పెన్‌డ్రైవ్ నుంచి మొదలుపెట్టడం

చార్జర్ పెట్టి, బ్యాటరీ సగానికి పైన ఉందని చూసుకుని కూర్చోండి. వేసవి సాయంత్రాల్లో మన వైపు ఈదురుగాలితో కరెంటు పోవడం మామూలే. లాప్‌టాప్‌కు బ్యాటరీ ఉంది కనుక కంగారు లేదు గాని, రౌటరుకు ఉండదని గుర్తుంచుకోండి.

పెన్‌డ్రైవ్ గుచ్చి, లాప్‌టాప్ ఆన్ చేసిన వెంటనే బూట్ మెనూ (దేని నుంచి మొదలవ్వాలో ఎంచుకునే జాబితా) మీటను చకచకా నొక్కుతూ ఉండాలి. డెల్, లెనోవో యంత్రాల్లో అది ఎఫ్12. హెచ్‌పీలో ఎఫ్9. ఆసుస్‌లో ఎస్కేప్. ఏసర్‌లో కూడా ఎఫ్12యే గాని, ముందు ఎఫ్2తో బయాస్‌లోకి, అంటే విండోస్ కంటె ముందు వచ్చే యంత్రం సొంత సెట్టింగ్స్‌లోకి, వెళ్లి ఎఫ్12 బూట్ మెనూను ఆన్ చేయవలసి రావచ్చు. కొన్ని కీబోర్డులలో ఎఫ్‌ఎన్ మీటను కలిపి నొక్కాలి. మీట సమయానికి అందకపోతే ఇంకో దారి ఉంది. ఇప్పుడున్న విండోస్‌లో షిఫ్ట్ నొక్కి పట్టుకుని రీస్టార్ట్ మీద నొక్కితే నీలం తెర వస్తుంది, అందులో యూజ్ ఎ డివైస్ ఎంచుకుని పెన్‌డ్రైవ్‌ను చూపించవచ్చు. సెక్యూర్ బూట్‌ను ఆఫ్ చేయమని చాలా వీడియోల్లో చెబుతారు. మీడియా క్రియేషన్ టూల్‌తో చేసిన పెన్‌డ్రైవ్‌కు ఆ అవసరమే లేదు, దాన్ని అలాగే ఉంచండి.

మొదటి తెరలో భాష, కీబోర్డు అడుగుతుంది. కీబోర్డు దగ్గర ఇంగ్లిష్ ఇండియా ఎంచుకుంటే, కుడివైపు ఆల్ట్ మీటతో 4 నొక్కినప్పుడు రూపాయి గుర్తు వస్తుంది. అమెరికా కీబోర్డులో అది రాదు. తరువాత ఇన్‌స్టాల్ విండోస్ 11 ఎంచుకుని, ఫైళ్లన్నీ పోతాయన్న విషయానికి ఒప్పుకుంటున్నట్టు టిక్ పెట్టాలి. ప్రొడక్ట్ కీ అడిగితే, నా దగ్గర కీ లేదు అన్న అర్థం ఉన్న వరుసను నొక్కి, ముందు కాగితం మీద రాసుకున్న ఎడిషన్‌నే ఎంచుకోండి. హోమ్ లైసెన్సు ఉన్న యంత్రంలో గొప్పగా ఉంటుందని ప్రో ఎంచుకుంటే యాక్టివేట్ కాదు. చాలా లాప్‌టాప్‌లలో ఈ రెండు ప్రశ్నలూ రావు. చిప్‌లో ఉన్న కీ కనబడినందువల్లే అలా జరుగుతుంది, మీరేదో దాటేశారని కంగారుపడకండి.

డిస్కు తెర దగ్గర ఆగి చూడండి

వెనక్కి తీసుకోలేని పని మొత్తంలో ఈ తెర ఒక్కటే. ఇక్కడ కనబడేది ఒక పట్టిక. డిస్క్ 0 అన్న పేరుతో నాలుగైదు వరుసలు ఉంటాయి. వాటిలో 100 ఎంబీదో 260 ఎంబీదో ఒక సిస్టమ్ భాగం, 16 ఎంబీ చిన్న ముక్క ఒకటి, వందల జీబీలున్న ప్రైమరీ భాగం, చివర తయారీదారు రికవరీ భాగాలు ఉంటాయి. డిస్క్ 1 అని 14 జీబీ చుట్టుపక్కల కనిపించేది మీ పెన్‌డ్రైవే. ఒక్కోసారి ఈ సంఖ్యలు తారుమారు కావచ్చు గనుక సంఖ్యను నమ్మకండి, పరిమాణం చూసి గుర్తుపట్టండి. 512 జీబీ అని కొన్న డిస్కు ఇక్కడ 476 జీబీగా కనబడుతుంది. అది మోసం కాదు, తయారీదారు వేయితో లెక్కిస్తే విండోస్ 1024తో లెక్కిస్తుంది.

పట్టిక ఖాళీగా ఉండి, డ్రైవులేవీ దొరకలేదని చెబితే, డిస్కు పాడయిందనుకుని దుకాణానికి పరిగెత్తకండి. లోడ్ డ్రైవర్ నొక్కి, పెన్‌డ్రైవ్‌లో విప్పి పెట్టుకున్న ఆ ఇంటెల్ ఫోల్డరును చూపించండి. జాబితాలో వచ్చిన డ్రైవర్‌ను ఎంచుకుని ముందుకు వెళితే, కొద్ది క్షణాల్లో డిస్కు ప్రత్యక్షమవుతుంది.

డిస్కు కనబడ్డాక, లాప్‌టాప్ లోపలి డిస్కుకు చెందిన భాగాలను ఒక్కొక్కటిగా ఎంచుకుని డిలీట్ చేయండి. చివరకు కేటాయించని స్థలం అన్న ఒక్క వరుస మిగలాలి. ఆ వరుసను ఎంచుకుని నెక్స్ట్ నొక్కితే చాలు, కావలసిన భాగాలన్నీ విండోసే చేసుకుంటుంది. ఆ యంత్రంలో రెండు డిస్కులు ఉండి, రెండో దానిలో మీ ఫైళ్లు ఉంటే, దాని జోలికి పోకండి.

డీ డ్రైవ్ చేయాలా వద్దా అని అందరూ అడుగుతారు. మన దగ్గర సీ డ్రైవ్‌లో విండోస్, డీ డ్రైవ్‌లో ఫైళ్లు పెట్టుకునే అలవాటు బలంగా ఉంది. డీలో పెడితే భద్రం అన్న నమ్మకం కూడా ఉంది. సీ, డీ రెండూ ఒకే డిస్కు మీద గీసిన గీతకు అటూ ఇటూ ఉన్న గదులు. డిస్కు పోయిననాడు రెండూ కలిసే పోతాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను గజపతి జిల్లాను ముంచెత్తినప్పుడు, నీళ్లలో నానిన యంత్రాల్లో డీ డ్రైవ్ ఎవరి ఫైళ్లనూ కాపాడలేదు. ఫైళ్లకు భద్రత కావాలంటే విడిగా ఒక ఎక్స్‌టర్నల్ హార్డ్‌డిస్కులోనో, క్లౌడ్‌లోనో మరో ప్రతి ఉండాలి. కాబట్టి 512 జీబీ యంత్రంలో ఒకే డ్రైవ్ ఉంచమని నా సలహా. అలవాటు వదులుకోలేనివారు తరువాత డిస్క్ మేనేజ్‌మెంట్‌లో సీని కుదించి డీ చేసుకోవచ్చు, ఇప్పుడు ఇక్కడ కుస్తీ పట్టనక్కర్లేదు.

ఫైళ్ల కాపీ 10 నుంచి 20 నిమిషాలు పడుతుంది. ఆ తరువాత యంత్రం తనే రీస్టార్ట్ అవుతుంది. అప్పుడు బూట్ మెనూ మీటను మళ్లీ నొక్కకండి. నొక్కితే పెన్‌డ్రైవ్ నుంచి మొదటి తెరకే వెళ్లి, చేసిన పనంతా మళ్లీ చేయిస్తుంది. బయాస్‌లో యూఎస్‌బీని శాశ్వతంగా మొదటి వరుసలో పెట్టుకున్నవారికీ ఇదే జరుగుతుంది. అలా పెట్టుకుని ఉంటే మొదటి రీస్టార్ట్ సమయంలో పెన్‌డ్రైవ్ లాగేయండి.

మొదటి ప్రశ్నలు, ఇంటర్నెట్

దేశం, కీబోర్డు అడిగాక నెట్‌వర్క్ తెర వస్తుంది. హోమ్ ఎడిషన్‌లో ఇక్కడ ఇంటర్నెట్ తప్పనిసరి. వైఫై జాబితా ఖాళీగా ఉంటే ఫోన్‌ను కేబుల్‌తో కలిపి, ఫోన్ సెట్టింగ్స్‌లో యూఎస్‌బీ టెథరింగ్ (ఫోన్ ఇంటర్నెట్‌ను కేబుల్ ద్వారా లాప్‌టాప్‌కు ఇచ్చే ఏర్పాటు) ఆన్ చేయండి. ఆండ్రాయిడ్ ఫోన్లు చాలావాటిని ఏ డ్రైవరూ లేకుండానే విండోస్ గుర్తుపడుతుంది. చార్జింగుకు మాత్రమే పనిచేసే చౌక కేబుల్ అయితే ఇది కుదరదు, ఫోన్‌తో వచ్చిన అసలు కేబుల్ వాడండి. అదే తెరలో డ్రైవర్ ఇన్‌స్టాల్ చేసే బటన్ కనబడితే, పెన్‌డ్రైవ్‌లోని వైఫై ఫోల్డరును అక్కడే చూపించవచ్చు.

ఖాతా దగ్గర, ఆఫీస్ యాక్టివేట్ చేసిన ఆ మైక్రోసాఫ్ట్ ఖాతానే ఇవ్వండి. ఇలా చేయడానికి మరో బలమైన కారణం ఉంది. విండోస్ 11లో 24హెచ్2 అనే వెర్షన్ నుంచి కొత్తగా వేసిన చాలా యంత్రాల్లో డిస్కు ఎన్‌క్రిప్షన్ (ఫైళ్లకు తాళం వేసినట్టు ఉంచడం) దానంతటదే ఆన్ అవుతుంది. లాప్‌టాప్ పోయినా దొంగ చేతికి మీ ఫైళ్లు చిక్కవు గనుక ఇది మంచిదే. కాని రేపు బయాస్ అప్‌డేట్ చేసినప్పుడో, మదర్‌బోర్డు మార్పించినప్పుడో 48 అంకెల రికవరీ కీ అడిగితే, అది మీ ఖాతాలోనే ఉంటుంది. ఖాతా పాస్‌వర్డ్ మరిచిపోతే ఆ కీ అందదు. కీ లేకపోతే డిస్కులోని ఫైళ్లను ఎవరూ తెరవలేరు. అందుకని పని పూర్తయ్యాక ఖాతా సైటులో ఆ కీ చూసి, ఆరేసి అంకెల ఎనిమిది గుంపులనూ కాగితం మీద స్పష్టంగా రాసి, బిల్లు, వారంటీ కార్డు ఉన్న కవరులో పెట్టండి. ఆ కాగితాన్ని లాప్‌టాప్ సంచిలో మాత్రం పెట్టకండి.

అప్‌డేట్లు, డ్రైవర్లు

డెస్క్‌టాప్ రాగానే ఫోన్ డేటా వాడుతున్నట్టయితే, ఆ కనెక్షన్‌ను సెట్టింగ్స్‌లో మీటర్డ్‌గా, అంటే డేటాకు పరిమితి ఉన్నదిగా, గుర్తుపెట్టండి. లేకపోతే రోజంతటి డేటా పది నిమిషాల్లో అప్‌డేట్లకే పోతుంది. వైఫై డ్రైవర్ వేసుకుని మంచి కనెక్షన్‌కు మారాక, విండోస్ అప్‌డేట్‌ను తెరిచి వచ్చినవన్నీ వేయించండి. రీస్టార్ట్ చేసి మళ్లీ తెరిస్తే ఇంకొన్ని వస్తాయి. కొత్తవేమీ లేవని చెప్పేవరకు ఇలా రెండు మూడు సార్లు చేయాలి.

ఆ తరువాత డివైస్ మేనేజర్ తెరవండి. పసుపు పచ్చ త్రికోణం గుర్తు ఎక్కడైనా ఉంటే ఆ భాగానికి డ్రైవర్ అందలేదని అర్థం. తయారీదారు సైటు నుంచి తెచ్చుకున్న వాటిలో ముందు చిప్‌సెట్, తరువాత గ్రాఫిక్స్, ఆ పైన మిగతావి వేయండి. ఏ డ్రైవర్ కోసమూ డ్రైవర్ అప్‌డేటర్ అని ప్రచారం చేసుకునే ప్రోగ్రాములు వేయకండి. మనం తుడిచేసిన చెత్తను అవే మళ్లీ తెస్తాయి. తయారీదారు యాప్‌లలో ఒక్కటి మాత్రం వేసుకోమంటాను. చార్జింగును 80 శాతం దగ్గర ఆపే వీలు ఉండేది సాధారణంగా ఆ యాప్‌లోనే. హాస్టల్‌లో రోజంతా చార్జరు పెట్టి వాడే పిల్లల బ్యాటరీకి అది ఆయుష్షు పెంచుతుంది. యాంటీవైరస్ వేరే కొననక్కర్లేదు, విండోస్‌లోని సెక్యూరిటీ సరిపోతుంది.

యాక్టివేషన్ పేజీని ఇప్పుడు మరోసారి చూడండి. డిజిటల్ లైసెన్సుతో యాక్టివేట్ అయిందన్న మాట కనబడాలి.

తెలుగు, ఒడియా కీబోర్డులు

మన ఊళ్లలో ఒకే ఇంట్లో రెండు భాషలు రాయవలసి వస్తుంది. తహసీల్దారు కార్యాలయానికి దరఖాస్తు ఒడియాలో ఉండాలి, పాతపట్నంలో ఉన్న అత్తవారికి ఉత్తరం తెలుగులో ఉండాలి. సింగిల్ లాంగ్వేజ్ ఎడిషన్ అంటే తెలుగు రాయలేమని కొందరు అపోహపడతారు. ఆ పరిమితి మెనూలు కనబడే భాషకే, కీబోర్డులు ఎన్నయినా చేర్చుకోవచ్చు. సెట్టింగ్స్‌లో టైమ్ అండ్ లాంగ్వేజ్ కింద తెలుగు, ఒడియా చేర్చండి. ఆ తరువాత విండోస్ మీట, స్పేస్ కలిపి నొక్కితే కీబోర్డు మారుతూ ఉంటుంది.

ఒక్కో భాషకు రెండు రకాల కీబోర్డులు ఉంటాయి. ఫోనెటిక్‌లో ఇంగ్లిష్ అక్షరాలతో ఉచ్చారణ కొడితే తెలుగు వస్తుంది, వెంటనే మొదలుపెట్టవచ్చు. ఇన్‌స్క్రిప్ట్ నేర్చుకోవడానికి రెండు వారాలు పడుతుంది. అయినా రెండు భాషలవాళ్లమైన మనకు నేను ఇన్‌స్క్రిప్ట్‌నే గట్టిగా చెబుతాను. భారతీయ భాషల్లో చాలావాటికి అందులో అక్షరాల చోటు ఒక్కటే. ఇంగ్లిష్ కె ఉన్న మీట మీద తెలుగులో క వస్తుంది, ఒడియాకు మారి అదే మీట కొడితే ఒడియా క వస్తుంది, హిందీలోనూ అంతే. వేళ్లు ఒకసారి నేర్చుకుంటే మూడు భాషలు వచ్చినట్టే.

పాత కంప్యూటర్ నుంచి ఫైళ్లు తెచ్చుకునేవారు ఫాంట్ల విషయం చూసుకోవాలి. తెలుగు చేర్చినప్పుడు అదనపు ఫాంట్లు కూడా దిగకపోతే, ఆప్షనల్ ఫీచర్స్‌లో వెతికి వేసుకోవాలి. తెలుగుకు గౌతమి, వాణి, ఒడియాకు కళింగ అలాగే వస్తాయి. పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేసే డీటీపీ వారి పాత ఫైళ్లు అను, ఆకృతి లాంటి యూనికోడ్ (అన్ని యంత్రాలూ ఒకేలా చదివే అక్షరాల పద్ధతి) కాని ఫాంట్లలో ఉంటాయి. ఆ ఫాంట్లు లేని కొత్త యంత్రంలో అవి ఇంగ్లిష్ అక్షరాల గజిబిజిగా కనబడతాయి. పాత యంత్రాన్ని తుడిచే ముందే దాని ఫాంట్స్ ఫోల్డరు మొత్తాన్ని పెన్‌డ్రైవ్‌లోకి తీసి పెట్టుకోండి.

అన్నీ కుదిరాక నోట్‌ప్యాడ్ తెరిచి తెలుగులో ఒక వాక్యం, ఒడియాలో ఒక వాక్యం కొట్టి సేవ్ చేసి, మూసి, మళ్లీ తెరిచి చూడండి. కెమెరా, మైకు, స్పీకర్లు మరోసారి పరీక్షించి, మూత మూసి నిద్రపుచ్చి లేపి చూడండి. ఇన్‌స్టలేషన్ పెన్‌డ్రైవ్‌ను వెంటనే తుడిచేయకుండా, చిన్న కాగితం మీద నెల, సంవత్సరం, లాప్‌టాప్ మోడల్ రాసి అంటించి, బిల్లు కవరులోనే ఉంచండి. నెల రోజుల్లో ఏదైనా తేడా వస్తే అదే పెన్‌డ్రైవ్‌తో, అదే స్టోరేజ్ డ్రైవర్‌తో మళ్లీ కూర్చోవచ్చు, 5 జీబీ మరోసారి దింపుకోవలసిన పని ఉండదు.